క్విటో పాత ఊళ్లో గైడ్‌తో నడక: అమ్మానాన్నలతో కుదురుతుందా?

కృష్ణలంక_కుర్రోడు

నమస్తే అందరికీ. ఆగస్టులో గాలపగోస్ దీవులకి వెళ్తున్నాం. నేను, మా ఆవిడ, గుడివాడ నుంచి మా దగ్గరికి న్యూజెర్సీ వచ్చిన అమ్మానాన్నా. దారిలో ఈక్వడార్ రాజధాని క్విటోలో రెండు రాత్రులు ఆగాలి. ఒక పూట గైడ్‌ని పెట్టుకుని పాత ఊరంతా నడిచి చూద్దామని నాన్న పట్టుబట్టారు. ముప్పై ఏళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. దక్షిణ అమెరికాని గోడ మీద మ్యాపులో బెత్తంతో చూపించడమే తప్ప అక్కడ కాలు పెడతానని ఎప్పుడూ అనుకోలేదట.

అమ్మ సంగతి వేరు. మోకాళ్ల నొప్పులు, రోజూ బీపీ మాత్ర, పైగా గుడ్డు కూడా ముట్టదు. మా ఆవిడకేమో రెండు చర్చిలు దాటితే ఆవలింతలు మొదలవుతాయి. నెట్‌లో చూస్తే చివర్లో టిప్పు మాత్రమే ఇచ్చే 'ఫ్రీ' టూర్లు కొన్ని, మనకే విడిగా వచ్చే గైడ్లు కొందరు కనిపించారు. ఏది నయం? ఎత్తు సంగతేంటి? అసలు ఇప్పుడక్కడ తిరగడం సేఫేనా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి ప్లీజ్.

ఓరుగల్లు_బాటసారి

తప్పకుండా నడవండి. నేను ఆర్కిటెక్ట్‌ని, కాబట్టి నా మాటలో కొంచెం పక్షపాతం ఉంటుంది, అది తీసేసి చదవండి. యునెస్కో 1978లో మొట్టమొదటి ప్రపంచ వారసత్వ జాబితా వేసినప్పుడు అందులో ఉన్నవి పన్నెండే చోట్లు. నగరాల్లో పోలండ్‌లోని క్రాకోవ్, దానితో పాటు క్విటో. మీరు వెళ్తున్న గాలపగోస్ కూడా ఆ పన్నెండులోదే. మన రామప్పకి ఆ గుర్తింపు 2021లో గానీ రాలేదు.

దూరాలు చూసి భయపడొద్దు. ముఖ్యమైనవన్నీ రెండు మూడు వీధుల తేడాలోనే ఉంటాయి. కష్టమల్లా ఎత్తుపల్లాలు. పిచించా అగ్నిపర్వతం ఒడిలో, లోయలూ వాగులూ ఉన్నచోట స్పానిష్ వాళ్లు 1534లో గళ్లనుడికట్టులా నిలువు అడ్డం వీధులు గీసేశారు. నేల ఒప్పుకోకపోయినా గీత గీతే అన్నట్టు. అందుకే కొన్ని సందులు మెట్లు లేని మెట్లదారిలా ఉంటాయి.

మా గైడ్ ప్లాసా గ్రాందేలో మొదలుపెట్టింది. అంటే పెద్ద చౌకు. ఒక పక్క కేథడ్రల్, ఒక పక్క ఆర్చిబిషప్ భవనం, ఒక పక్క మున్సిపాలిటీ కాంక్రీటు బిల్డింగు (నా కళ్లు మూసుకున్నాను), నాలుగో పక్క కారొందెలెత్ అనే అధ్యక్ష భవనం. ఆ భవనం చూసి నేను ఆశ్చర్యపోయింది దాని స్తంభాలకి కాదు. కింద అరుగు స్థాయిలో వరసగా చిన్న చిన్న కొట్లున్నాయి, క్షవరం చేసే దుకాణంతో సహా. పైన దేశాధ్యక్షుడు, కింద కటింగ్ షాపు!

చౌకు మధ్యలో స్మారక స్తంభం ఉంటుంది, దాని కింద భాగం బాగా చూడమనండి నాన్నగారిని. బాణం దిగిన సింహం ఒకటి మెల్లగా జారుకుంటూ ఉంటుంది, అది స్పెయిన్. సంకెల తెంచుతున్న కాండర్ పక్షి ఇంకోటి. 1809 ఆగస్టు 10న క్విటోలో లేచిన మొదటి స్వాతంత్ర్య నినాదానికి గుర్తుగా 1906లో పెట్టారు. ఆ తిరుగుబాటు నిలవలేదు. దాదాపు ఏడాదికి, 1810 ఆగస్టు 2న, జైల్లో పెట్టిన నాయకులని సైనికులు అక్కడే చంపేశారు. అసలు విముక్తి 1822 మే 24న, ఊరి మీదున్న పిచించా కొండవాలులో స్వాతంత్ర్య సేనాని సుక్రే గెలిచిన యుద్ధంతో వచ్చింది. సుక్రే సమాధి ఆ కేథడ్రల్‌లోనే ఉంది.

ఆగస్టు 10 వాళ్లకి సెలవు. మీ తేదీలు ఆ చుట్టుపక్కలైతే చౌకులో జనం ఎక్కువుంటారు, చూసుకోండి.

డాక్టర్_కాకినాడ

కృష్ణలంక గారూ, ఇది ప్రిస్క్రిప్షన్ కాదు, మీ అమ్మగారి డాక్టర్ని అడిగి తీరాలి. కానీ లెక్క చెప్తాను. తిరుమల కొండ సుమారు 850 మీటర్లు, ఊటీ 2,240. క్విటో 2,850. అక్కడ గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే డెబ్బై శాతం చిల్లర, అంటే ఒక్కో శ్వాసకి అందే ప్రాణవాయువు దాదాపు ముప్పై శాతం తక్కువ. చాలామందికి మొదటి రోజు తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, నాలుగు మెట్లెక్కితే ఆయాసం ఉంటాయి. అంతకుమించి వాంతులు, తడబాటు, కూర్చున్నా తగ్గని ఆయాసం కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

దిగిన రోజు నడక పెట్టుకోకండి. రెండో రోజు పొద్దున పెట్టుకోండి. విమానాశ్రయం ఊరికి తూర్పున తబబేలలో, సుమారు 2,400 మీటర్ల ఎత్తులో ఉంది. మొదటి రాత్రి ఆ దగ్గర్లో పడుకున్నా నష్టం లేదు. ఎత్తుకి వేసుకునే మాత్ర ఒకటుంది గానీ అది మూత్రం ఎక్కువ చేసే మందు. బీపీ మాత్రతో కలిపి వేసుకోవచ్చో లేదో, సల్ఫా మందులు పడతాయో లేదో ఆమెని చూసే డాక్టరే చెప్పాలి.

ఇంకోటి, ఎవరూ చెప్పరు. అది భూమధ్యరేఖ. చల్లగా ఉంది కదా అని టోపీ లేకుండా తిరిగితే మధ్యాహ్నానికి ముక్కు తోలు ఊడుతుంది.

పాలమూరు_పిల్ల

నేను స్టూడెంట్‌ని, బొగోటాలో సెమిస్టర్ చేస్తూ వెళ్లాను. కాబట్టి టిప్పు టూరే. పేరు చెప్పను. ఒక్క గైడ్‌కి మేం ఇరవై ఎనిమిది మందిమి, వెనకాల ఉన్నవాళ్లకి ఒక్క ముక్క వినపడలేదు. చివర్లో ఒక చాక్లెట్ కొట్లో నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. చాక్లెట్ బాగానే ఉంది, కానీ నేను దాని కోసం రాలేదుగా. పెద్దవాళ్లతో అయితే అస్సలు వద్దు, ఆగమంటే ఆగరు. 'ఫ్రీ' అన్నమాట కూడా నిజం కాదు, ఆ అబ్బాయికి జీతం మన టిప్పే, పది డాలర్లు ఇవ్వకుండా వస్తే మొహం చెల్లదు.

కానీ అతను కథలు చెప్తే మాత్రం! పాద్రి అల్మేయ్దా కథ ఒక్కటి చెప్తా. సాన్ దియెగో మఠంలో ఒక కుర్ర సన్యాసి. రోజూ రాత్రి గోడ దూకి తాగి ఆడి పాడి తెల్లారేసరికి వచ్చేవాడట. దూకాలంటే ఎత్తు కావాలి కదా, అక్కడున్న నిలువెత్తు క్రీస్తు శిలువ మీద కాలు పెట్టి ఎక్కేవాడు. ఒక రాత్రి క్రీస్తు కళ్లు తెరిచి, "ఎన్నాళ్లిలా, పాద్రి అల్మేయ్దా?" అని అడిగాడట. వీడు తడుముకోకుండా, "మళ్లీ వచ్చేదాకా స్వామీ" అని దూకేశాడట. మా నాయనమ్మ చెప్పే తెనాలి రామలింగడి కథలా లేదూ?

సందేహాలరావు

ఇదే నాకు ఈ గైడెడ్ నడకలతో పేచీ. రెండు గంటల్లో గంటన్నర దయ్యాలు, సన్యాసులు. సాన్ ఫ్రాన్సిస్కో చర్చి దగ్గర కంతూన్య కథ చెప్పకుండా ఒక్క గైడ్ కూడా కదలడు. అసలు చరిత్ర ఏదని అడిగితే నవ్వేస్తారు.

కృష్ణలంక_కుర్రోడు

కంతూన్య ఎవరండీ? నాన్న పక్కనే కూర్చుని చదివిస్తున్నారు, అడగమంటున్నారు.

ఓరుగల్లు_బాటసారి

కంతూన్య అక్కడి ఆదివాసీ మేస్త్రి. చర్చి ముందున్న పెద్ద అరుగు ఫలానా రోజుకి కట్టి ఇస్తానని ఒప్పుకున్నాడు. గడువు ముంచుకొచ్చింది, పని సగం కూడా కాలేదు. సైతాను వచ్చి, "రాత్రికి రాత్రి నేను కట్టి పెడతా, నీ ఆత్మ నాకిచ్చెయ్" అన్నాడు. సరేనన్నాడు, కానీ తెల్లవారే గంట మోగేసరికి ఒక్క రాయి కూడా తక్కువ కాకూడదని షరతు పెట్టాడు. చిన్న దయ్యాలన్నీ రాళ్లు మోశాయి. గంట మోగింది. ఒక్క రాయి లోటు. కంతూన్య బతికిపోయాడు. ఆ రాయి లేని చోటు ఇప్పటికీ ఉందని జనం వెతుకుతుంటారు.

నాకు నచ్చిందేంటంటే, చర్చి ఆవరణలో ఒక చాపెల్‌కి అతని పేరే ఉంది. మన దగ్గర కూడా శిల్పి పేరు మీదే రామప్ప గుడి అంటాం కదా. కట్టించినవాడి పేరు కాకుండా కట్టినవాడి పేరు నిలవడం ప్రపంచంలో ఎన్నిచోట్ల ఉంటుంది చెప్పండి.

సందేహాలరావు

బాటసారి గారూ, పూర్తిగా చెప్పండి మరి. పద్దెనిమిదో శతాబ్దపు చరిత్రకారుడు, జెసూట్ అనే క్రైస్తవ సన్యాసుల సంఘంవాడు హువాన్ దె వెలాస్కో రాసిన పాత కథ వేరు. స్పానిష్ వాళ్లు రాబోతున్నారని తెలిసి, వాళ్లకి ముందు అక్కడ ఏలిన ఇంకాల సేనాని రుమిన్యావి బంగారం దాచేశాడు. కంతూన్య తండ్రి అతని మనిషి. కంతూన్యకి ఆ బంగారం చోటు తెలుసు. పేదవాడి దగ్గర ఇంత సొమ్మెక్కడిదని స్పానిష్ వాళ్లు నిలదీస్తే, "సైతాను ఇచ్చాడు" అని చెప్పాడట. నిజం చెబితే ప్రాణం పోతుంది, సైతాను పేరు చెబితే భయపడి వదిలేస్తారు. ఇది కూడా కథే కావచ్చు, కానీ ఇందులో బుర్ర ఉంది. మొదటి కథలో ఆదివాసీ బద్ధకస్తుడు, రెండోదాంట్లో తెలివైనవాడు. గైడ్లు ఏది చెప్తారో చూసుకోండి.

అలాగే ఆ జెసూట్లు కట్టిన లా కొంపానియా చర్చి. లోపల నేల నుంచి కప్పు దాకా బంగారమని నోరెళ్లబెడతారు. ఆ డబ్బెక్కడిది? పదిహేడో శతాబ్దంలో క్విటో చుట్టుపక్కల ఒబ్రాహె అనే నేత శాలల్లో ఆదివాసీలతో వెట్టి చేయించి, ఆ ఉన్నిబట్ట ఇప్పటి బొలీవియాలోని పొతోసి వెండి గనులకి అమ్మారు. వెట్టి అంటే ఏంటో మన తెలంగాణ వాళ్లకి వేరే చెప్పాలా?

ఓరుగల్లు_బాటసారి

నాకు చెప్పక్కర్లేదు, మా తాత ఊళ్లో దొర గడీ ముందే పెరిగాను. కానీ వెట్టి ఉందని శిల్పం చూడొద్దా? 1605లో మొదలుపెట్టి 1765 దాకా, నూట అరవై ఏళ్లు కట్టారు. ముఖద్వారమంతా అగ్నిపర్వతపు బూడిదరంగు రాయి, మెలితిరిగిన స్తంభాలు. లోపల చెక్క మీద చెక్కి బంగారు రేకు తాపారు. తిరుమల ఆనంద నిలయంలా రాగిరేకు మీద తాపడం కాదు, ఊదితే ఎగిరిపోయేంత పల్చటి రేకు. పూర్తయిన రెండేళ్లకి, 1767లో స్పెయిన్ రాజు జెసూట్లందరినీ వెళ్లగొట్టాడు. ఇంత కట్టి రెండేళ్లు కూడా కుదురుగా కూర్చోలేదు పాపం.

ఆ చెక్కినవాళ్లలో స్థానికులే ఎక్కువ. క్విటో శైలి అని పేరున్న శిల్పాల్లో గొప్పవాడు కాస్పికారా, ఆదివాసీ, అసలు పేరు మనువేల్ చిలి. నా గైడ్ ఇదంతా చెప్పింది, వెట్టి గురించి కూడా చెప్పింది. అడగాలి అంతే.

సందేహాలరావు

అడిగితే చెప్పడం వేరు, అడగకుండా చెప్పడం వేరు.

మోడరేటర్

ఇద్దరూ మంచి విషయాలే చెప్తున్నారు, వెట్టి మీద విడిగా థ్రెడ్ మొదలుపెట్టుకోండి. ఇక్కడ పెద్దావిడ మోకాళ్ల గురించి అడిగారు.

అత్తిలి_అమ్మాయి

ఆలస్యంగా చూశాను, సారీ. మేం క్విటోలోనే రెండేళ్లుగా ఉంటున్నాం, మావారి ఉద్యోగం ఇక్కడ. ముందుగా ఒక మాట, ఇక్కడ దీన్ని 'కీతో' అంటారు, 'క్విటో' అంటే టాక్సీవాడికి అర్థమవుతుంది గానీ నవ్వుతాడు.

వీసా చూసుకున్నారా? 2019 నుంచి ఇండియన్ పాస్‌పోర్ట్‌కి వీసా పెట్టారు. అమెరికాలో ఉన్నాం కదా అని ఊహించుకోకుండా కాన్సులేట్‌ని అడగండి, ముఖ్యంగా అమ్మానాన్నల విషయం.

సేఫ్టీ గురించి దాచకుండా చెప్తాను. 2024 జనవరిలో ముఠాల మీద ప్రభుత్వం 'అంతర్గత సాయుధ సంఘర్షణ' ప్రకటించింది, వార్తల్లో చూసే ఉంటారు. ఎక్కువ గొడవలు తీరప్రాంతం వైపే. పాత ఊళ్లో పగలు పోలీసులు, స్కూలు పిల్లలు, టూరిస్టులు అందరూ ఉంటారు, మేం వారం వారం వెళ్తాం. చీకటి పడ్డాక మాత్రం వీధులు ఖాళీ అయిపోతాయి, లా రోండా వీధిలో శుక్ర, శనివారాల సందడి తప్ప. రద్దీ బస్సులో ఫోను ప్యాంటు వెనక జేబులో పెట్టుకోవద్దు. ఎవరైనా భుజం మీద ఏదో పడిందని తుడవడానికి వస్తే ఆగకుండా నడిచిపోండి. పనెసీయో కొండ మీద రెక్కల కన్య మేరీ అల్యూమినియం విగ్రహం ఉంది, ఏడు వేల ముక్కలు అతికించి 1970లలో నిలబెట్టారు. అక్కడికి మాత్రం నడిచి ఎక్కొద్దు, దగ్గరే కదా అనిపిస్తుంది, టాక్సీలోనే వెళ్లి అందులోనే దిగండి.

మోకాళ్లకి ఒక ఉపాయం. 2023 డిసెంబర్ నుంచి మెట్రో నడుస్తోంది, సాన్ ఫ్రాన్సిస్కో చౌకు కిందే స్టేషన్. టికెట్టు 45 సెంట్లు. ఇక్కడ 2000 నుంచి వాడేది అమెరికా డాలరే, కాబట్టి మార్చుకునే బాధ లేదు. కానీ యాభై, వంద నోట్లు ఎవరూ తీసుకోరు. అమెరికాలో కనపడని ఒక డాలరు నాణేలు ఇక్కడ సంచుల్లో తిరుగుతుంటాయి!

గైడ్‌ని విడిగా పెట్టుకోండి, లైసెన్సు ఉందో లేదో అడగండి. సాన్ ఫ్రాన్సిస్కోలో మొదలుపెట్టి కిందకి దిగే దారి వేయమని చెప్పండి. ఎక్కడం తగ్గుతుంది.

కృష్ణలంక_కుర్రోడు

అక్కా, చాలా థాంక్స్. వీసా పని మొదలుపెట్టాం. అమ్మ తిండి సంగతి చెప్పండి, ఆవిడ ఇప్పటికే పులిహోర పొడి ప్యాక్ చేస్తోంది.

అత్తిలి_అమ్మాయి

పొడి తీసుకురమ్మను, నాకూ ఒక డబ్బా.

'సిన్ కార్నె' అంటే చాలదు తమ్ముడూ. వాళ్ల లెక్కలో కార్నె అంటే ప్రధానంగా గొడ్డుమాంసం, కోడి వేసి తెచ్చి నవ్వుతూ పెడతారు. "సిన్ పోయో, సిన్ పెస్కాదో, సిన్ కాల్దో దె కార్నె" అని ఒక్కోటీ చెప్పాలి. చివరిది ముఖ్యం, సూపులకి మాంసం ఉడికించిన నీళ్లే వాడతారు చాలాచోట్ల. లోక్రో దె పాపా అని బంగాళాదుంప సూపు, పైన చీజు, అవకాడో ముక్క వేసి ఇస్తారు, ఆ నీళ్ల సంగతి తేల్చుకుంటే అమ్మగారికి హాయి. యాపింగాచో అంటే చీజు పెట్టిన ఆలూ టిక్కీ, కాకపోతే పక్కన గుడ్డు పెడతారు, ముందే వద్దనాలి. వేయించిన మొక్కజొన్న గింజలు ప్రతి బల్ల మీదా ఉంటాయి. ఆహీ అని చెట్టు టమాటాతో కారం పచ్చడి ఉంటుంది, మన గోంగూరంత కాదు గానీ ఆకలిమీద పనికొస్తుంది. ఎంపనాదా దె వియెంతో అంటే 'గాలి కజ్జికాయ'. నూనెలో పొంగి బెలూన్‌లా వస్తుంది, లోపల కొంచెం చీజు, పైన పంచదార.

ఇంకోటి, సాన్ ఫ్రాన్సిస్కో మార్కెట్లో 'లింపియా' చేసే ఆడవాళ్లుంటారు. అంటే శుద్ధి. దురదపుట్టించే ఆకులు, మూలికలు, కోడిగుడ్డు ఒంటి మీద తిప్పి చెడు తీసేస్తారు. వాళ్లు దాంతో నయం చేసే రోగాల్లో 'మాల్ దె ఓహో' ఒకటి. కన్ను దోషం! దిష్టే అండీ బాబూ. నేను మొదటిసారి చూసినప్పుడు అత్తిలిలో మా అమ్మమ్మ గుర్తొచ్చి కళ్లనీళ్లు తిరిగాయి.

పాలమూరు_పిల్ల

లింపియా నేను చేయించుకున్నా. ఆ ఆకులకి రెండు రోజులు చేతులు గోక్కున్నా. దిష్టి పోయిందో లేదో తెలీదు, చర్మం మాత్రం పోయింది.

సందేహాలరావు

ఊరికి ఉత్తరాన భూమధ్యరేఖ స్మారకం దగ్గరికి వెళ్లేవాళ్లు కూడా ఒకటి తెలుసుకోండి. ఆ పెద్ద స్తంభం దగ్గర పసుపు గీత మీద కాళ్లు చెరోవైపు పెట్టి ఫోటోలు దిగుతారు. జీపీఎస్‌తో చూస్తే అసలు రేఖ అక్కడికి సుమారు 240 మీటర్ల ఉత్తరాన ఉంది. 1736లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు ఇక్కడికి వచ్చి ఏళ్ల తరబడి కొలతలు తీసింది భూమి ఆకారం తేల్చడానికి, ఆ కథ నిజంగా గొప్పది. సింకులో నీళ్లు అటు ఇటు తిరుగుతాయని చూపించేది మాత్రం గారడీ.

కృష్ణలంక_కుర్రోడు

అందరికీ మళ్లీ నమస్తే. వెళ్లొచ్చాం! గాలపగోస్ ముచ్చట వేరే రాస్తా, ముందు క్విటో బాకీ తీర్చుకోవాలి.

డాక్టర్ గారు చెప్పినట్టు మొదటి రోజు హోటల్లో పడుకున్నాం. అమ్మకి కొంచెం తలనొప్పి వచ్చి పోయింది. నాన్నకి ఏమీ కాలేదు, నాకే మెట్లెక్కుతుంటే గుండె దడదడ. ఇంట్లో అందరికంటే చిన్నవాణ్ణి నేను, పరువు పోయింది.

గైడ్‌ని విడిగానే పెట్టుకున్నాం, నలుగురికీ కలిపి 80 డాలర్లు. యాభై దాటిన ఆవిడ, ఇంగ్లీషు నిదానంగా మాట్లాడింది, నాన్నకి అదే కావలసింది. అక్క చెప్పినట్టు సాన్ ఫ్రాన్సిస్కోలో మొదలుపెట్టాం. పొద్దున ఎనిమిదిన్నర, ఎండ ఉంది గానీ గాలి కోస్తోంది. అమ్మ శాలువా బిగించుకుని "అబ్బబ్బబ్బా" అంది. పక్కన పూలు అమ్ముకునే ఆవిడ నవ్వి "అచ్చచ్చాయ్!" అంది. గైడ్ చెప్పింది, కిచువా భాషలో చలేస్తే అనే మాటట అది. వేడి తగిలితే "అర్రర్రాయ్". స్పానిష్ మాట్లాడేవాళ్లు కూడా ఆ రెండూ వదల్లేదు. అమ్మ ఆ రోజంతా అచ్చచ్చాయ్ అంటూనే ఉంది, భాష వచ్చేసినట్టే.

కంతూన్య కథ గైడ్ మొదలుపెట్టగానే నాన్న చెయ్యెత్తారు. "రెండు కథలున్నాయట కదా, మీరు ఏది చెప్తారు?" అన్నారు. సందేహాలరావు గారూ, మీరే బాధ్యులు. ఆవిడ ఒక్క క్షణం ఆగి, "పిల్లలొస్తే సైతాను కథ, టీచర్లొస్తే బంగారం కథ" అంది. తర్వాత కూర్చోబెట్టి చెప్పింది. ఆ చౌకు కింద, చర్చి కింద ఇంకాల రాజు వాయ్నా కాపాక్ కట్టడాలుండేవని వాళ్లు తరతరాలుగా చెప్పుకుంటారని, అందుకే మెట్రో స్టేషన్ తవ్వేటప్పుడు పురావస్తు శాఖవాళ్లు ముందు దిగి చూశారని చెప్పింది. చర్చి లోపల పెద్ద పీఠం మీద రెక్కలున్న కన్య విగ్రహం, లెగార్దా 1734లో చెక్కినది. నిలబడ్డ మనిషిలా కాదు, అడుగు వేసి తిరగబోతున్నట్టు ఉంది. కొండ మీది అల్యూమినియం విగ్రహం దీనికి నకలే. చిన్నది చూశాక పెద్దది చూడబుద్ధి కాలేదు, నిజంగా.

లా కొంపానియాలో అమ్మ అడిగిన మొదటి ప్రశ్న "ఎన్ని కాసులుంటుంది?". గైడ్‌కి కాసు అంటే అర్థమయ్యేలా చెప్పడానికి నాకు పది నిమిషాలు పట్టింది. గుమ్మం దగ్గర ఒక పక్క మెలికల మెట్లు, రెండో పక్క వాటికి జోడీగా గోడ మీద రంగులతో వేసిన దొంగ మెట్లు. మా ఆవిడ అటు ఎక్కబోయింది. ఆపక్కనే నరకం పటం ఉంది, ఏ పాపానికి ఏ శిక్షో పేర్లు రాసి మరీ వేశారు. పాతది పదిహేడో శతాబ్దానిదట, ఇప్పుడున్నది 1879లో వేసిన నకలు. నాన్న దాని ముందు చాలాసేపు నిలబడి, "యమలోకం పటం మన సంతల్లో చూసేవాళ్లం, వీళ్ల నూనె కళాయి కూడా అచ్చం అలాగే ఉంది" అన్నారు. బయటికి వచ్చాక వెట్టి గురించి కూడా అడిగారు. గైడ్ దాటవేయలేదు, ఒబ్రాహెల గురించి మాకు తెలిసినదానికంటే ఎక్కువే చెప్పింది. వాళ్ల అమ్మమ్మ వాళ్లది ఒతవాలో వైపు నేతపనివాళ్ల కుటుంబమట.

అమ్మకి అన్నిటికంటే నచ్చింది కార్మెన్ ఆల్తో మఠం. సన్యాసినులు బయటికి కనపడరు. గోడలో తిరిగే చెక్క అలమర ఉంటుంది. డబ్బు పెట్టి తిప్పితే అవతలి నుంచి తేనె సీసా వస్తుంది, ఒక గొంతు మాత్రం వినిపిస్తుంది. అమ్మ రెండు సీసాలు కొని, ఆ గొంతుకి తెలుగులో "చల్లగా ఉండమ్మా" అని చెప్పింది. అవతలి నుంచి ఏదో జవాబొచ్చింది, స్పానిష్‌లో. ఇద్దరికీ అర్థమైనట్టే ఉంది.

చౌకులో అధ్యక్ష భవనం మెట్ల దగ్గర 1875 ఆగస్టు 6న అధ్యక్షుడు గార్సియా మొరేనోని కత్తులతో నరికిన సంగతి, రెండేళ్లకి 1877 గుడ్ ఫ్రైడే రోజున కేథడ్రల్‌లో ఆర్చిబిషప్‌కి పూజలో వాడే ద్రాక్షసారాలో స్ట్రిక్నిన్ విషం కలిపి చంపిన సంగతి గైడ్ చెబుతుంటే నాన్న నోట్సు రాసుకున్నారు. కేథడ్రల్ గోడ మీద 'అమెజాన్ నదిని కనుక్కున్న ఘనత క్విటోదే' అని రాసి ఉంది. 1541లో ఇక్కడి నుంచి బయల్దేరిన స్పానిష్ దండులోని ఒరెల్యానా అనే నాయకుడి మనుషులే ఆ నది వెంట సముద్రం దాకా వెళ్లారు. "నది ఒడ్డున ఉన్నవాళ్లకి అది ముందే తెలుసు కదా" అన్నారు నాన్న. గైడ్ చప్పట్లు కొట్టింది.

అక్కడికి అమ్మ మోకాళ్లు ఇక చాలన్నాయి. నాన్నా అమ్మా చౌకులో బెంచీ మీద కూర్చున్నారు. చర్చిలంటే ఆవలించే మా ఆవిడ "బసీలికా కూడా చూద్దాం" అంది! టాక్సీలో వెళ్లాం. గోతిక్ చర్చే గానీ గోడల నుంచి బయటికి పొడుచుకొచ్చే రాకాసి మొహాల బదులు ఇగువానాలు, తాబేళ్లు, కోతులు, ఆర్మడిల్లోలు చెక్కారు. ఇది పూర్తయిన రోజున ప్రపంచం అంతమవుతుందని ఊళ్లో ఒక మాట, అందుకని ఎప్పుడూ ఏదో కొంచెం మిగిల్చే ఉంచుతారట. కప్పు మీద చెక్క వంతెన దాటి, నిచ్చెనలాంటి మెట్లెక్కి గోపురం మీదికి వెళ్లాలి. నేను సగంలో ఆగిపోయాను. ఆవిడ పై నుంచి చెయ్యూపుతూ ఫోటో తీయమంది.

లింపియా అమ్మకి చూపించాం, చేయించుకోలేదు. కాసేపు చూసి, "ఉప్పూ మిరపకాయలతో పోయేదానికి ఇంత గోల ఎందుకు, పైగా గుడ్డు" అంది.

అత్తిలి_అమ్మాయి

పొడి డబ్బా అందింది, అమ్మగారికి వంద దండాలు. మావారు అన్నంలో కాదు, మోతెలో కలుపుకుని తిన్నారు. మోతె అంటే ఉడికించిన తెల్ల మొక్కజొన్న. అదిరింది.

సందేహాలరావు

మాస్టారికి నా నమస్కారాలు చెప్పండి. ఒక్క ప్రశ్న. కంతూన్య రాయి దొరికిందా?

కృష్ణలంక_కుర్రోడు

దొరికిందంటున్నారు. అరుగు మీద అరగంట వెతికి, "ఇదిగో" అని నన్ను పిలిచి ఫోటో తీయించారు. ఇంటికొచ్చి పెద్దది చేసి చూస్తే ఆ ఒక్క ఫోటోలోనే నాలుగు రాళ్లు లేవు.